ముక్క సరిగా కోస్తేనే... ప్లాస్టిక్ నిజం చెబుతుంది

పైపు ఎందుకు పగిలింది? హెల్మెట్ దెబ్బను ఎలా కాచింది? శరీరంలో అమర్చిన కృత్రిమ కీలు ఎందుకు వదులైంది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు మైక్రోస్కోపులో దొరుకుతుంది. కానీ దాని కింద పెట్టే ముక్కను తయారు చేయడంలోనే ఉంది అసలు పనితనమంతా!

బోరు నుంచి పొలానికి నీళ్లు మోసే నల్ల పైపును చూడని రైతు ఉండడు. ఇంతకీ ఆ పైపు నల్లగానే ఎందుకు ఉంటుంది? మురికి కనబడకుండా వేసిన రంగు అనుకుంటారు చాలామంది. నిజానికి అది మసి. కాటుక కన్నా మెత్తగా ఉండే ఆ మసిని కార్బన్ బ్లాక్ అంటారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంపేస్తాయి. మసి ఆ కిరణాలను తాను మింగేసి పైపును కాపాడుతుంది. మంచినీటి పాలిథీన్ పైపుల కోసం మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 4984. దాని ప్రకారం పైపులో మసి 2 నుంచి 3 శాతం ఉండాలి.

ఉంటే చాలా? చాలదు. దోసెల పిండిలో ఉప్పు సరిపడా వేసినా సరిగా కలపకపోతే ఏమవుతుంది? ఒక దోసె చప్పగా, ఇంకో దోసె నోట పెట్టలేనంత ఉప్పగా వస్తుంది. మసి సంగతీ అంతే. అది అందని చోట ఎండ దెబ్బ తగులుతుంది. అది గడ్డకట్టిన చోట పైపు గోడ బలహీనపడుతుంది. లోపల నీటి ఒత్తిడి పెరిగినప్పుడు పగులు మొదలయ్యేది అలాంటి చోటే. 50 ఏళ్లు మన్నాలని లెక్కగట్టి తయారుచేసే పైపు మధ్యలోనే చేతులెత్తేస్తుంది. నష్టం ఎవరికి? అప్పు తెచ్చి పైపు వేసుకున్న రైతుకి.

పైపు ముక్కను గాలి తగలకుండా కాల్చి, మిగిలిన మసిని తూచితే ఎంత శాతం ఉందో తెలుస్తుంది. అది ఎలా పరచుకుందో మాత్రం తెలియదు. దానికి మైక్రోస్కోపే దిక్కు. అయితే పైపు ముక్కను తీసుకెళ్లి అలాగే మైక్రోస్కోపు కింద పెడితే... కనిపించేది చీకటే! వెలుతురు దాని గుండా దూరలేదు మరి.

అందుకే ఆ ముక్కకు ముందుగా కొంత సేవ చేయాలి. ఐఎస్ఓ 18553 అనే అంతర్జాతీయ ప్రమాణం ఆ పద్ధతిని చెబుతుంది. పైపులో వేర్వేరు చోట్ల నుంచి ఆరు ముక్కలు తీస్తారు. ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది. వాటిని రెండు గాజు పలకల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కరిగేంత వేడి చేసి, అదుముతారు. ముక్క పలుచటి పొరలా పరచుకుంటుంది. అప్పుడు వెలుతురు దాని గుండా వస్తుంది. వంద రెట్లు పెద్దది చేసి చూస్తే మసి పొగమంచులా సమంగా ఉందో, నల్లటి చుక్కలూ గడ్డలూ కట్టిందో ఇట్టే తేలిపోతుంది. ఆ గడ్డల పరిమాణాన్ని కొలిచి, ప్రమాణంలో ఉన్న పట్టికతో పోల్చి మార్కులు వేస్తారు.

ఆరు ముక్కలే ఎందుకు? ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందంటారు. కానీ ప్లాస్టిక్‌తో ఆ సామెత పనిచేయదు. ఒక ముక్క బాగుంటే అది అదృష్టం కావచ్చు. ఆరు చోట్లా బాగుంటేనే పైపు బాగున్నట్టు! హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఉన్న సిపెట్ కేంద్రాల్లాంటి చోట్ల ప్లాస్టిక్ సరుకులను పరీక్షించే పని రోజూ జరుగుతూనే ఉంటుంది.

వెంట్రుక కన్నా పలుచగా

పైపు పరీక్ష ఈ విద్యలో ఒకటో తరగతి లాంటిది. ప్లాస్టిక్ లోపలికి ఇంకా లోతుగా వెళ్లాలంటే ముక్కను కరిగించకుండా, ఉన్నది ఉన్నట్టు పలుచగా కోయాలి. ఎంత పలుచగా? మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు మైక్రోస్కోపుకి 10, 20 మైక్రాన్ల పొర చాలు. మైక్రోటోమ్ అనే యంత్రం ఆ పని చేసిపెడుతుంది. ముక్కను ఒకచోట బిగించి, ఉక్కు కత్తిని దాని మీదుగా నడుపుతారు. ఒక్కో కోతకు ముక్క కొన్ని మైక్రాన్లు ముందుకు జరుగుతుంది. పొరలు పొరలుగా ఊడివస్తాయి. కొబ్బరి కోరు కన్నా మెత్తగా, ఉల్లిపొర కన్నా సన్నగా!

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు విషయానికొస్తే ఇది కూడా గోడంత మందమే. 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ప్రాణం పోశారు. రుస్కాకు దానికిగాను 1986లో నోబెల్ బహుమతి దక్కింది. వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లతో చూసే ఆ యంత్రానికి ముక్క 100 నానోమీటర్లకు మించి మందం ఉండకూడదు. అంటే మైక్రానులో పదో వంతు. వెంట్రుకను నిలువునా 700 పొరలుగా చీలిస్తే అందులో ఒక పొర అన్నమాట!

అంత పలుచగా కోసే కత్తి ఎక్కడ దొరుకుతుంది? యంత్రం వచ్చాక కూడా శాస్త్రవేత్తలను చాలా ఏళ్లు వేధించిన ప్రశ్న ఇది. ఉక్కు కత్తిని ఎంత సానబెట్టినా దాని అంచు గరుకుగానే ఉండేది. 1950లో లాటా, హార్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా తేలికైన ఉపాయం కనిపెట్టారు. కిటికీలకు వాడేలాంటి గాజును పద్ధతిగా విరిస్తే, విరిగిన అంచు ఉక్కు కన్నా పదునుగా ఉంటుంది! ఇప్పటికీ ప్రయోగశాలల్లో గాజు పట్టీని గీత పెట్టి విరిచి కత్తులు చేసుకుంటారు. చిక్కేమిటంటే ఆ పదును ఎక్కువసేపు నిలవదు. అదే దశకంలో వెనిజులాకు చెందిన శాస్త్రవేత్త హంబెర్టో ఫెర్నాండెజ్ మొరాన్ వజ్రపు కత్తిని తెచ్చారు. ఒక్క కత్తి ఖరీదు లక్షల్లో ఉంటుంది. చేయి కాస్త తడబడితే అంచు పోయినట్టే. అందుకే ముందు గాజు కత్తితో ముక్కను చదును చేసి, చివరి కోతలకు మాత్రమే వజ్రాన్ని బయటికి తీస్తారు.

కోసిన పొరను పట్టుకోవడం ఇంకో పరీక్ష. చేత్తో ముడితే నలిగిపోతుంది. పట్టకారుకు అందదు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. అందుకని కత్తి వెనకాల చిన్న తొట్టి కట్టి, అంచుదాకా నీళ్లు నింపుతారు. కోసిన పొర జారి నీటి మీద తేలుతుంది. దాన్ని అటూ ఇటూ జరపడానికి వాడే పనిముట్టు ఏమిటో తెలుసా? పుల్లకు అతికించిన కనురెప్ప వెంట్రుక! అంత మెత్తనిదీ, అంత సన్నని మొన ఉన్నదీ ఇంకోటి దొరకడం కష్టం మరి. చివరికి 3 మిల్లీమీటర్ల వెడల్పున్న రాగి జల్లెడ బిళ్ల మీదికి ఆ పొరను ఎత్తుకుంటారు.

పొర ఎంత మందం ఉందో కొలిచే బద్ద ఏదీ ఉండదు. రంగును చూసి చెప్పేస్తారు. వాన పడ్డ రోడ్డు మీద నూనె చుక్క రంగులు పోతుంది కదా... అదే సూత్రం. నీటి మీద తేలే పొర బూడిద రంగులో మెరిస్తే 60 నానోమీటర్ల లోపు. వెండిలా మెరిస్తే 60 నుంచి 90. బంగారు రంగుకు తిరిగితే 90 నుంచి 150. ఊదా రంగు వచ్చిందంటే ఆ పొర మందమైపోయినట్టే. వెండి పొర దొరికిన రోజు ఆ పని చేసేవారికి పండగే!

రబ్బరుకు చలి పెట్టాలి

గట్టి ప్లాస్టిక్ సరే. మెత్తటి రబ్బరును కోయడం ఎలా? కత్తి తగలగానే అది సాగుతుంది, వంగుతుంది, కత్తి వెళ్లిపోయాక మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పొర మాత్రం రాదు. వచ్చినా నలిగి, ముడతలు పడి, లోపలి అమరికంతా చెదిరిపోయి ఉంటుంది.

దీనికి విరుగుడు చలి. ప్రతి రబ్బరుకూ, ప్లాస్టిక్‌కూ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. అంతకన్నా చల్లబడితే అది గాజులా గట్టిపడిపోతుంది. సహజ రబ్బరుకు అది మైనస్ 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. టైర్లలో కలిపే పాలీబ్యుటడైన్ అనే రబ్బరుకు మైనస్ 100 దాకా వెళ్లాలి. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నత్రజనితో కత్తినీ, ముక్కనూ, యంత్రం గదినీ కూడా చల్లబరిచి కోస్తారు. అక్కడ తొట్టిలో నీళ్లు పోస్తే క్షణంలో మంచుగడ్డే. కాబట్టి పొరలను పొడిగానే ఏరుకోవాలి. గాలిలోని తేమ మంచు పొడిలా రాలి పొరల మీద పడుతుంది. చలి చాలకపోతే ముక్క సాగుతుంది, మరీ ఎక్కువైతే పెళుసుబారి పొడిపొడి అవుతుంది. సరైన చలి ఏదో పట్టుకోవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది.

రంగు పడితేనే రబ్బరు దొరుకుతుంది

ద్విచక్ర వాహనం నడిపేవారి హెల్మెట్ పెంకుల్లో ఎక్కువగా వాడే ప్లాస్టిక్‌లలో ఏబీఎస్ ఒకటి. పిల్లలు ఆడుకునే లెగో ఇటుకలూ దానితోనే చేస్తారు. విడిగా చూస్తే అందులోని ప్రధాన పదార్థం పెళుసు. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. కానీ దానిలో మైక్రాను కన్నా చిన్నవైన రబ్బరు గోళీలు కోట్లకొద్దీ కలిపి ఉంటాయి. పగులు పరుగెత్తుకుంటూ వచ్చి ఒక గోళీకి తగిలి ఆగుతుంది. దెబ్బ శక్తి చుట్టూ సన్నని చీలికలుగా చెదిరిపోతుంది. తలకు తగలాల్సిన దెబ్బను పెంకు తాను తింటుంది.

ఆ గోళీలు సరైన పరిమాణంలో, సరైన దూరంలో ఉంటేనే ఈ రక్షణ. మరి అవెలా ఉన్నాయో చూడాలంటే? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ప్లాస్టిక్కూ రబ్బరూ ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఎక్కువగా కార్బన్, హైడ్రోజన్లే కదా! పాలల్లో నీళ్లు ఎక్కడున్నాయో వెతికినట్టే ఉంటుంది.

1960ల నడుమ కాటో అనే జపాన్ శాస్త్రవేత్త దీనికి దారి చూపారు. ఆస్మియం టెట్రాక్సైడ్ అనే రసాయనం ఆవిరి తగిలేలా ముక్కను ఉంచారు. బ్యుటడైన్ రబ్బరు గొలుసుల్లో జంట బంధాలు ఉంటాయి. ఆస్మియం వాటిని వెతికి పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ జోలికి పోదు. ఆస్మియం చాలా బరువైన లోహం. ఎలక్ట్రాన్లను అడ్డుకుంటుంది. ఇంకేముంది... లేత బూడిద రంగు ఆకాశంలో నల్లద్రాక్ష గుత్తుల్లా రబ్బరు గోళీలు బయటపడ్డాయి. పనిలో పనిగా ఆ రసాయనం రబ్బరును గట్టిపరచడంతో కోత కూడా తేలికైంది!

అయితే ఇది ప్రమాదకరమైన రంగు. గది ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. ఆ ఆవిరి కళ్లకు తగిలితే చూపే దెబ్బతినొచ్చు. అందుకే గాలిని లాగేసే గాజు అలమరాలో, చేతి తొడుగులు వేసుకునే దాన్ని ముట్టుకోవాలి. జంట బంధాలు లేని ప్లాస్టిక్‌ల మీద ఆస్మియం ఆటలు సాగవు. వాటిలో చాలావాటికి దాని చుట్టమైన రుథేనియం టెట్రాక్సైడ్ వాడతారు. అదీ అంతే విషం.

కరిగిస్తే చరిత్ర చెరిగిపోతుంది

పైపు పరీక్షలో ముక్కను కరిగించినా ఫర్వాలేదు. అక్కడ చూడాల్సింది మసిని కాబట్టి! కానీ అన్నిచోట్లా అలా చేస్తే మొదటికే మోసం వస్తుంది.

పాలీప్రొపిలీన్‌తో చేసిన కుర్చీనో, బకెట్‌నో తీసుకుందాం. కరిగిన ప్లాస్టిక్‌ను చల్లటి అచ్చులోకి ఒత్తిడితో పంపి వీటిని చేస్తారు. అచ్చు గోడకు తగిలిన భాగం గబుక్కున గట్టిపడుతుంది. లోపలిది నెమ్మదిగా చల్లారుతుంది. ఆ తీరికలో అణువుల గొలుసులు వరుసలు కట్టి, ఒక మధ్యబిందువు నుంచి అన్ని వైపులకూ పెరుగుతాయి. వీటిని స్ఫెరులైట్లు అంటారు. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ పలకల మధ్య వీటిని చూడటం కన్నుల పండువే. చీకట్లో వెలిగే గుండ్రటి పువ్వులు... ఒక్కోదాని నడుమ నల్లటి శిలువ గుర్తు!

పైన సన్నని గుళికలు, లోపల పెద్ద పువ్వులు. పెద్ద పువ్వులు ఒకదానికొకటి ఒరుసుకునే సరిహద్దు చాలాసార్లు బలహీనంగా ఉంటుంది. కాబట్టి కుర్చీ కాలు ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో ఈ పొరలు చెబుతాయి. అలాంటి ముక్కను గాజు పలకల మధ్య పెట్టి కరిగిస్తే? పువ్వులన్నీ మాయమై, చల్లారేటప్పుడు కొత్తవి పుడతాయి. అవి ఆ గాజు పలక మీద చల్లారిన తీరును చెబుతాయి తప్ప కుర్చీ సంగతి చెప్పవు. పోస్టుమార్టం చేయాల్సిన దేహాన్ని దహనం చేసినట్టే!

ఏ వైపు నుంచి కోశారన్నదీ ముఖ్యమే. చెరకు గడను అడ్డంగా కోస్తే చుక్కలు, నిలువునా చీలిస్తే పీచు కనిపిస్తాయి. రెండూ ఒకే గడ. అచ్చులో ప్లాస్టిక్ పారిన దిశకు అడ్డంగా ఒక ముక్క, నిలువుగా ఒక ముక్క తీయాలి. ఏ ముక్క ఎక్కడిది, ఏ దిశలోది అన్నది అప్పుడే రాసిపెట్టుకోవాలి. కోసిన తరవాత గుర్తుచేసుకుందామంటే కుదరదు. పలుచటి పొరలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

నీడ చెప్పిన లెక్క

నమూనా తయారీ ఒక్కోసారి శాస్త్రాన్నే మలుపు తిప్పుతుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో 1957లో అదే జరిగింది. హంగరీలో పుట్టిన ఆండ్రూ కెల్లర్ అక్కడ పాలిథీన్‌ను వేడి జైలీన్‌లో చాలా పలుచగా కరిగించి, నెమ్మదిగా చల్లార్చారు. అడుగున బియ్యపు కడుగులా తెల్లగా ఏదో తేలింది. ఒక్క చుక్కను పలుచటి కార్బన్ పొర మీద వేసి ఆరబెట్టారు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అవి నలుపలకల బిళ్లల్లా కనిపించాయి. ఎంత మందం? పైనుంచి చూస్తే మందం తెలియదు. దానికి అప్పటికే ఒక ఉపాయం ఉంది. గాలి తీసేసిన గదిలో లోహపు ఆవిరిని ఏటవాలుగా చల్లుతారు. బిళ్ల అడ్డున్న చోట లోహం పడదు. నీడలా ఖాళీ మిగులుతుంది. సాయంత్రం తాటిచెట్టు నీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పినట్టే, ఆ నీడ పొడవుతో బిళ్ల మందం లెక్కగట్టొచ్చు.

మందం 10 నానోమీటర్ల దగ్గర తేలింది. చిత్రమేమిటంటే అందులోని అణువుల గొలుసులు దానికి ఎన్నో రెట్లు పొడవు. పైగా అవి బిళ్లకు నిట్టనిలువుగా ఉన్నాయి. అంత పొడవైన గొలుసు అంత చిన్న మందంలో ఎలా ఇమిడింది? ఒకటే దారి. మంచం నవారులా అది కిందికీ పైకీ మడతలు పడి ఉండాలి! అప్పటిదాకా ఉన్న ఊహలన్నీ తలకిందులయ్యాయి. అదే ఏడాది జర్మనీలోనూ, అమెరికాలోనూ ఇంకో ఇద్దరు విడివిడిగా అలాంటి స్ఫటికాలనే చూశారు. ఈ పరిశీలనకు వ్యవధి ఎక్కువ ఉండదు. ఎలక్ట్రాన్ల ధాటికి ఆ స్ఫటికాలు చూస్తుండగానే పాడైపోతాయి. చూసేవాళ్లే చెరిపేస్తారన్నమాట. అందుకే పక్కన చోట దృశ్యాన్ని సరిచేసుకుని, అసలు చోటికి వెళ్లగానే ఫొటో తీసేసుకుంటారు.

విరిగిన ముక్కే సాక్షి

ఏదైనా ప్లాస్టిక్ భాగం విరిగినప్పుడు దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. రెండు ముక్కలనూ తెచ్చి, ఒకదానికొకటి ఆనించి సరిపోయాయో లేదో చూస్తారు. అదే చేయకూడనిది! విరిగిన తలం మీద సూదిమొన కన్నా చిన్న గుర్తులు ఉంటాయి. పగులు ఎక్కడ పుట్టిందో, ఒక్కసారిగా వచ్చిందా, పదేపదే పడ్డ భారానికి కొద్దికొద్దిగా పాకిందా అన్నది అవే చెబుతాయి. కొద్దికొద్దిగా పాకితే చెరువు గట్టు మీద నీరు తగ్గుతూ వదిలిన గీతల్లాంటి వరుస గీతలు కనిపిస్తాయి. రెండు ముక్కలను ఆనిస్తే అవి నలిగిపోతాయి. బ్రష్షుతో తోమినా అంతే.

దుమ్ము పట్టింది కదా అని ఏ ద్రవంతోనో కడగడం ఇంకో పొరపాటు. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో ఉండే ఎసిటోన్ ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. పాలీకార్బొనేట్ మీద పడితే కొత్త పగుళ్లు పుట్టిస్తుంది. ఆ తరవాత మైక్రోస్కోపులో కనిపించే పగుళ్లలో పాతవేవి, కొత్తవేవి? తేల్చేదెవరు? కాబట్టి ముందు ఉన్నదున్నట్టు ఫొటోలు తీయాలి. రెండు ముక్కలనూ విడివిడిగా పొట్లం కట్టాలి. కడగడం తప్పనిసరైతే అదే ప్లాస్టిక్ మీద, అక్కర్లేని చోట ముందు పరీక్షించి చూడాలి.

ఇలాంటి తలాలను స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తారు. అక్కడ ఇంకో అడ్డంకి ఎదురవుతుంది. ప్లాస్టిక్ గుండా విద్యుత్తు ప్రవహించదు. మీద పడ్డ ఎలక్ట్రాన్లు పోయే దారి లేక అక్కడే పోగవుతాయి. బొమ్మ తెల్లగా వెలిగిపోయి, వంకర్లు తిరుగుతుంది. అందుకని తలం మీద సుమారు 10 నానోమీటర్ల బంగారు పూత పూస్తారు. ఆ బంగారమంతా పోగేసినా ముక్కుపుడకలో చుక్కకు సరిపోదు! పూత పలుచనైతే బొమ్మ నిలవదు, మందమైతే చూడాల్సిన గుర్తులే పూత కింద కప్పడిపోతాయి.

విరిగిన ముక్క కాకుండా లోపలి నిర్మాణాన్ని చూడాలంటే వేరే దారి. ముక్కను ద్రవ నత్రజనిలో కొన్ని నిమిషాలు ముంచి, బయటికి తీయగానే పుటుక్కున విరుస్తారు. మామూలుగా వంచితే సాగి, నలిగి, లోపలి రూపం చెడిపోయే ప్లాస్టిక్ అప్పుడు శనగ అచ్చులా శుభ్రంగా విరుగుతుంది.

ఉన్నది మాయమై... లేనిది కనిపించి

ఇన్ని అవస్థలూ ఎందుకంటే, తయారీలో జరిగే తప్పు తప్పులా కనిపించదు. అందమైన బొమ్మలా కనిపిస్తుంది. అదే ప్రమాదం!

కృత్రిమ తుంటి కీలు కథ చూడండి. ఇంగ్లండులో సర్ జాన్ చార్న్‌లీ తొలుత టెఫ్లాన్‌తో కీలు గిన్నెలు చేశారు. అవి త్వరగా అరిగిపోయాయి. 1962లో ఆయన చాలా పొడవైన గొలుసులున్న ప్రత్యేక పాలిథీన్‌కు మారారు. ఈనాటికీ తుంటి, మోకాలి కీళ్లలో ఎక్కువగా వాడేది ఆ కుటుంబపు ప్లాస్టిక్కే. కాలం గడిచేకొద్దీ దాన్నుంచి రాలే మైక్రాను కన్నా చిన్న రేణువులు చుట్టూ ఉన్న ఎముకను కరిగించగలవు. కీలు వదులవుతుంది. కారణం తెలుసుకోవడానికి వైద్యులు అక్కడి కణజాలాన్ని తీసి పరీక్షకు పంపుతారు.

ప్రయోగశాలలో మామూలు పద్ధతి ఏమిటి? కణజాలాన్ని ఆల్కహాల్‌తోనూ, జైలీన్‌తోనూ శుద్ధి చేసి, మైనంలో పోతపోసి కోయడం. ఆ జైలీన్ ఎముకకు కీలును అతికించే యాక్రిలిక్ సిమెంటును కరిగించేస్తుంది. మైక్రోస్కోపులో సిమెంటు ఉండాల్సిన చోట ఖాళీ గుంతలు కనిపిస్తాయి! ఈ సంగతి తెలియనివారు సిమెంటు ముక్కలు లేనే లేవని రాసేయొచ్చు. తెలిసినవారు ఆ గుంతల ఆకారాన్ని చూసి గుర్తుపడతారు. పాలిథీన్ తునకలు మాత్రం చాలావరకు మిగిలి, పోలరాయిడ్ వెలుతురులో తళుక్కుమంటాయి. రోగికి మళ్లీ శస్త్రచికిత్స చేసేటప్పుడు ఏం మార్చాలన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉండొచ్చు.

లేనిది కనిపించడమూ ఉంది. కత్తి అంచులో చిన్న పంటిగాటు ఉంటే పొర మీద తిన్నటి గీతలు పడతాయి. అవి ప్లాస్టిక్‌లోని నారల్లా భ్రమింపజేస్తాయి. ముక్కను పావు చుట్టు తిప్పి మళ్లీ కోయడమే దీనికి పరీక్ష. గీతలు కత్తి నడిచిన దిశలోనే వస్తే అవి కత్తివి. ముక్కతో పాటు తిరిగితే ప్లాస్టిక్‌వి.

ఇప్పుడు ఎక్కడ విన్నా మైక్రోప్లాస్టిక్‌ల మాటే. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనతో ఈ పేరు ప్రపంచానికి పరిచయమైంది. ఇసుక నుంచో, చేప పేగుల నుంచో వీటిని వేరుచేయాలంటే చిక్కటి ఉప్పునీటిలో తేల్చాలి. జీవపదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో, క్షారంతోనో కరిగించాలి. వడగట్టి, రంగు వేసి చూడాలి. మామూలు ఉప్పునీటిలో పాలిథీన్ తేలుతుంది కానీ, బరువైన పీవీసీ, పెట్‌బాటిల్ ప్లాస్టిక్ మునిగిపోతాయి. వాటికి జింక్ క్లోరైడ్ లాంటి ఇంకా చిక్కటి ద్రావణం కావాలి. క్షారం బదులు ఘాటైన ఆమ్లం వాడితే నైలాన్ కరిగిపోయి లెక్కలోంచి ఎగిరిపోతుంది.

ఇది ఒకవైపు. మరోవైపు పరిశోధకుడి పాలిస్టర్ చొక్కా నుంచి రాలిన పోగు వడపోత కాగితం మీద పడితే? అదీ చేప పేగులోదే అనిపిస్తుంది! అందుకే ఆ గదుల్లో నూలు బట్టలే వేసుకుంటారు. ప్లాస్టిక్ గిన్నెలు మాని గాజు, లోహపు పాత్రలు వాడతారు. నీళ్లను కూడా వడగట్టి వాడతారు. అన్నిటికన్నా ముఖ్యంగా... చేప లేకుండా, ఇసుక లేకుండా, ఖాళీ నమూనా ఒకటి పెట్టి మొదటి నుంచి చివరిదాకా అన్ని పనులూ దానికీ చేస్తారు. ఆ ఖాళీ నమూనాలో ఎన్ని పోగులు కనిపిస్తే అన్నీ ప్రయోగశాలవే. వాటిని లెక్కలోంచి తీసేశాకే మిగిలింది చేపది. ఇకమీదట మైక్రోప్లాస్టిక్‌ల మీద ఏ పెద్ద అంకె విన్నా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే... ఖాళీ నమూనాలో ఎన్ని వచ్చాయి?

ఇంట్లోనే చూడొచ్చు!

ప్లాస్టిక్ లోపలి సంగతులు చూడటానికి కాస్త రుచి కావాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అక్కర్లేదు. ఇవి చాలు.

• ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరవండి. దాని ముందు పిల్లల పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలును గానీ, సీడీ డబ్బా మూతను గానీ పట్టుకోండి.

• పోలరాయిడ్ చలువ కళ్లద్దాల్లోంచి చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా తిప్పండి. తెర నల్లబడిన చోట ఆపండి. నల్లటి తెర మీద స్కేలు మాత్రం ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తుంది.

• రంగులు దగ్గరదగ్గరగా కిక్కిరిసిన చోటును గమనించండి. సాధారణంగా అది కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి ప్రవేశించిన మూలో, ఏదైనా రంధ్రం అంచో అవుతుంది. తయారీనాటి ఒత్తిడి అక్కడ ఇంకా బందీగా ఉంది.

• స్కేలును కొంచెం వంచండి. రంగులు కదులుతాయి. వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తాయి.

• ఇప్పుడు స్కేలు మూలను చిన్న ముక్కగా కత్తిరించి మళ్లీ చూడండి. కోసిన అంచు వెంట ఇంతకుముందు లేని రంగులు కనిపించొచ్చు. అవి స్కేలువి కావు... కత్తెరవి!